ఉల్లిపొట్టు రంగు – ఈస్టర్ గుడ్డు



మన హాస్టల్ వంటగదిలో రోజూ కిలోల కొద్దీ ఉల్లిపాయలు కోస్తారు. ఆ పొట్టంతా చెత్తకుప్పలోకి పోతుంది. గాలి వీస్తే వరండా అంతా ఎగురుతుంది. దాన్ని ఊడ్చి పారేయడం తప్ప మనకు దానితో వేరే పని లేదు. కానీ ప్రపంచంలో చాలా దేశాలలో ఈస్టర్ పండుగ ఇంకా కొన్ని వారాలు ఉందనగానే ఇల్లాళ్ళు ఈ ఉల్లిపొట్టును పారేయకుండా సంచిలో వేసి దాచిపెడతారు. వాళ్ళ పండుగ రంగు అందులోనే ఉంది. ఆ రంగుతోనే కోడిగుడ్లకు అద్దకం వేసి, ఈస్టర్ నాడు పిల్లలకు, బంధువులకు, ఇరుగుపొరుగు వారికి పంచుతారు.

మన ఊళ్ళలో ఈస్టర్ అంటే తెల్లవారుజామున ఆరాధన, సమాధుల దగ్గర కొవ్వొత్తులు, పూలు, కొత్త బట్టలు గుర్తుకు వస్తాయి. గుడ్లకు రంగు వేయడం మన పల్లెల్లో అంతగా కనిపించదు. పుస్తకాలలో బొమ్మగా చూడడమే తప్ప ఆ రంగు ఎక్కడిది, పెంకుకు ఎలా పడుతుంది అని మనం ఆలోచించలేదు. అందుకే మా సైన్స్ క్లబ్ మిత్రులం ఈ విషయం గురించి చదివి, మన వంటగదిలో కొన్ని రంగులు స్వయంగా వేసి చూశాం. తెలుసుకున్న సంగతులను ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందు ఉంచుతున్నాం.

గుడ్డుకు, ఈస్టర్‌కు సంబంధం ఏమిటి?

ఈస్టర్ ప్రతి ఏడాదీ ఒకే తేదీన రాదు. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి తరువాతి ఆదివారం ఈస్టర్. కాబట్టి మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపల ఎప్పుడైనా రావచ్చు. గ్రీస్, రష్యా వంటి దేశాలలోని ఆర్థడాక్స్ సంఘాలు ఈస్టర్‌ను పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం లెక్కిస్తాయి. అందుకే చాలా సంవత్సరాలు వారి పండుగ ఆలస్యంగా వస్తుంది. 2025లో మాత్రం రెండు లెక్కలూ కలిసి ఏప్రిల్ 20నే పండుగ వచ్చింది.

ఈస్టర్‌కు ముందు 40 రోజులు శ్రమల కాలం. పూర్వం యూరప్‌లో ఈ రోజులలో మాంసంతోపాటు పాలు, వెన్న, గుడ్లు కూడా తినేవారు కాదు. ఆర్థడాక్స్ సంఘాలలో నిష్ఠగా ఉండేవారు ఇప్పటికీ తినరు. మనుషులు ఉపవాసం ఉంటారు గానీ కోళ్ళు ఉండవు కదా! పైగా చలిదేశాలలో శీతాకాలంలో పగటి వెలుతురు తక్కువ కాబట్టి కోళ్ళు గుడ్లు పెట్టడం తగ్గిస్తాయి. వసంతం వచ్చి పగలు పెరగగానే మళ్ళీ బాగా పెడతాయి. (నేటి కోళ్ళఫారాలలో రాత్రి పూట లైట్లు వేసేది ఇందుకే.) అంటే గుడ్లు తినకూడని రోజులలోనే గుడ్లు ఎక్కువగా వచ్చేవి. ఇంట్లో బుట్టలు నిండిపోయేవి. ఉపవాసం ముగిసిన ఈస్టర్ నాడు మొదట తినే ప్రియమైన వస్తువు గుడ్డే అయింది. దానికి రంగు వేసి పండుగ కానుకగా మార్చుకున్నారు.

దీనికి ఒక అర్థం కూడా చెబుతారు. మూసి ఉన్న పెంకు సమాధికి గుర్తు. అందులోనుంచి బయటికి వచ్చే పిల్ల పునరుత్థానానికి గుర్తు. ఎరుపు రంగు క్రీస్తు రక్తానికి గుర్తు. మగ్దలేనే మరియ రోమా చక్రవర్తి తిబెరియ ఎదుట గుడ్డు పట్టుకొని నిలబడి క్రీస్తు లేచాడని చెప్పినప్పుడు, ఆ గుడ్డు ఎర్రగా మారిందని ఆర్థడాక్స్ క్రైస్తవులు ఒక కథ చెప్పుకుంటారు.

వసంతకాలంలో గుడ్డుకు రంగు వేయడం క్రైస్తవులకే పరిమితం కాదు. ఇరాన్‌లో నౌరోజ్ అనే కొత్త సంవత్సరం పండుగకు బల్ల మీద రంగు గుడ్లు పెడతారు. ఈజిప్టులో కోప్టిక్ ఈస్టర్ మరునాడు వచ్చే షమ్ అల్ నసీమ్ పండుగకు ముస్లింలు, క్రైస్తవులు కలిసి రంగు గుడ్లు పట్టుకొని తోటలకు వెళతారు.

రాజుగారి గుడ్డు – పేదింటి గుడ్డు

ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి ఖర్చుల లెక్కలలో 1290వ సంవత్సరం ఈస్టర్‌కు 450 గుడ్లు కొన్నట్లు, వాటికి రంగులు, బంగారు రేకు వేయించి పంచినట్లు ఉంది. ఆ గుడ్లకు అయిన ఖర్చు 18 పెన్నీలు. రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండర్ 1885లో తన రాణి కోసం ఫాబెర్జే అనే స్వర్ణకారుని చేత బంగారంతోనే గుడ్డు చేయించాడు. ఆ తరువాత రష్యా రాజకుటుంబం కోసం అలాంటి గుడ్లు వరుసగా తయారయ్యాయి. నేడు అవి మ్యూజియంలలో, సంపన్నుల అద్దాల పెట్టెలలో ఉన్నాయి. వాటిని చూడవలసిందే తప్ప తినలేము.

రాజు దగ్గర బంగారం ఉంది. రైతు ఇంట్లో ఏముంది? ఉల్లిపొట్టు ఉంది, చెట్టు బెరడు ఉంది, గింజల పొట్టు ఉంది. వాటితోనే వారు అందమైన రంగులు తీశారు. బంగారు గుడ్లు చేయించే రాజులు పోయారు గానీ ఉల్లిపొట్టు గుడ్డు మాత్రం ఇప్పటికీ లక్షల ఇళ్ళలో ప్రతి వసంతంలో తయారవుతూనే ఉంది.

దేశదేశాల పద్ధతులు

గ్రీస్: ఇక్కడ గుడ్డు అంటే ఎర్ర గుడ్డే. ఈస్టర్‌కు ముందు వచ్చే గురువారం నాడు రంగు వేస్తారు. పాత పద్ధతిలో ఉల్లిపొట్టు గానీ, మాడర్ అనే మొక్క వేర్లు గానీ వాడతారు. పండుగ రోజు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గుడ్డుతో గుడ్డును కొడతారు. ఒకరు “క్రీస్తు లేచాడు” అంటే రెండవవారు “నిజంగా లేచాడు” అంటారు. ఎవరి గుడ్డు పగలకుండా మిగులుతుందో వారికి ఆ ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం.

ఉక్రెయిన్: ఇక్కడ రెండు రకాల గుడ్లు ఉన్నాయి. ఉడకబెట్టి ఒకే రంగు వేసినది ‘క్రాషంకా’. అది తినడానికి. పచ్చి గుడ్డు మీద మైనంతో ముగ్గులాంటి చిత్రం వేసి రంగులలో ముంచినది ‘పీసంకా’. అది దాచుకోవడానికి, కానుకగా ఇవ్వడానికి. వారి భాషలో పీసంకా అనే మాట ‘రాయడం’ అనే మాట నుంచి వచ్చింది. చిన్న కర్రకు సన్నని లోహపు గరాటు కట్టిన పనిముట్టుతో, కరిగిన తేనెమైనంతో గుడ్డు మీద గీతలు ‘రాస్తారు’. మైనం ఉన్నచోట రంగు అంటదు. తెల్లగా ఉండవలసిన చోట మొదట మైనం రాసి, గుడ్డును పసుపు రంగులో ముంచుతారు. పసుపుగా ఉండవలసిన చోట మళ్ళీ మైనం రాసి, ఎరుపులో ముంచుతారు. అలా లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళతారు. చివరకు గుడ్డును కొవ్వొత్తి మంట పక్కన వెచ్చచేసి మైనాన్ని గుడ్డతో తుడిస్తే దాగి ఉన్న రంగులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. రంగుల కోసం ఉల్లిపొట్టు, ఓక్ చెట్టు బెరడు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు వంటివి వాడేవారు.

సోవియట్ ప్రభుత్వ కాలంలో మతాచారం అనే కారణంతో పీసంకాను అణచివేశారు. అయినా పల్లెల్లో స్త్రీలు ఇళ్ళలోనే ఆ విద్యను కాపాడుకున్నారు. కెనడాకు వలస వెళ్ళినవారు అక్కడ దానిని పిల్లలకు నేర్పారు. 1991లో ఉక్రెయిన్ స్వతంత్ర దేశమైంది. 2000లో కొలొమియా పట్టణంలో గుడ్డు ఆకారంలోనే పీసంకా మ్యూజియం కట్టారు. 2022లో మొదలైన యుద్ధం నడుస్తుండగానే, 2024 డిసెంబరులో యునెస్కో పీసంకా కళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

లిథువేనియా, పోలండ్: గుడ్డుకు మొదట ఉల్లిపొట్టుతో ముదురు రంగు వేస్తారు. ఆరిన తరువాత చాకు మొనతో సన్నగా గీకుతారు. గీకిన చోట తెల్లని పెంకు బయటపడి పూలు, నక్షత్రాలు ఏర్పడతాయి.

జర్మనీ: లుసేషియా ప్రాంతంలో సోర్బులు అనే చిన్న జాతి ప్రజలు ఉన్నారు. వారు బాతు ఈకను చిన్న త్రిభుజంలా కత్తిరించి, కరిగిన మైనంలో ముంచి, గుడ్డు మీద అచ్చు వేస్తారు.

ఇంగ్లండు: పచ్చి గుడ్డు చుట్టూ ఉల్లిపొట్టు చుట్టి, పైన గుడ్డ కట్టి ఉడికిస్తారు. పొట్టు గట్టిగా అంటిన చోట ముదురుగా, వదులుగా ఉన్నచోట లేతగా రంగు పడి చలువరాయి మీద చారలలాగా కనిపిస్తుంది. ప్రెస్టన్ పట్టణంలో ఈస్టర్ మరునాటి సోమవారం పిల్లలు పార్కులోని ఏటవాలు నేల మీద గుడ్లు దొర్లించే ఆట ఆడతారు.

రంగు పెంకుకు ఎలా పడుతుంది?

గుడ్డు పెంకులో నూటికి 95 వంతుల దాకా కాల్షియం కార్బొనేటే. సున్నపురాయి, సుద్ద ముక్కలో ఉండేదీ ఇదే. పెంకులో కంటికి కనిపించని వేలాది సన్నని రంధ్రాలు ఉంటాయి. పైన పలుచని ప్రోటీన్ పొర ఉంటుంది.

రంగు నీటిలో కొంచెం వెనిగర్ కలుపుతారు. వెనిగర్ అంటే ఎసిటిక్ ఆమ్లం. ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను తాకగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. పెంకు పైభాగం కొద్దిగా గరుకు అవుతుంది. పై పొరలోని ప్రోటీన్‌కు రంగును పట్టుకునే శక్తి పెరుగుతుంది. అందువల్ల రంగు బాగా నిలుస్తుంది. అయితే వెనిగర్ ఎక్కువైతే పెంకే కరిగిపోతుంది. గుడ్డును వట్టి వెనిగర్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే పెంకు పూర్తిగా పోయి రబ్బరు బంతిలా మెత్తగా మిగులుతుంది. ఈ ప్రయోగం మనలో చాలామంది చేసే ఉంటారు.

ఉల్లిపొట్టులోని రంగు పదార్థం పేరు క్వెర్సెటిన్. పసుపు కొమ్ములో ఉండేది కర్క్యుమిన్. మందార పూలలో, ఊదా క్యాబేజీలో ఉండేవి ఆంథోసయనిన్లు. ఇవి ఆమ్లంలో ఎర్రగా, క్షారం వైపు వెళ్ళే కొద్దీ నీలంగా మారతాయి. పెంకుకు క్షార గుణం ఉంది కాబట్టి ఊదా క్యాబేజీ రసంలో ముంచిన తెల్ల గుడ్డు నీలంగా తేలుతుంది. పదో తరగతి సైన్సులో మనం చదివే ఆమ్లాలు, క్షారాలు, సూచికల పాఠమే ఇది.

మేము చేసి చూసినవి

వార్డెన్ గారి అనుమతితో, గుడ్డు వడ్డించే రోజున వంట చేసే అక్కల సాయంతో ఈ రంగులు వేశాం. మనకు దొరికే ఫారం గుడ్లు తెల్లగా ఉంటాయి కాబట్టి రంగు చక్కగా కనిపిస్తుంది.

1. ఉల్లిపొట్టు: పది పన్నెండు ఉల్లిపాయల ఎండు పొట్టును లీటరు నీళ్ళలో వేసి అరగంట మరిగించాలి. వడకట్టి చల్లార్చి, రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపాలి. కడిగిన గుడ్లను అందులో వేసి నీళ్ళు మరిగాక మరో పది పన్నెండు నిమిషాలు సన్నని సెగ మీద ఉడికించాలి. ఇటుక రంగు నుంచి ముదురు గోధుమ రంగు వరకు వస్తుంది. అన్నిటికన్నా గట్టి రంగు ఇదే.

2. పసుపు: రెండు గ్లాసుల నీళ్ళకు రెండు చెంచాల పసుపు వేసి మరిగించి, వెనిగర్ కలిపి, ఉడికిన గుడ్డును అరగంట ఉంచితే నిమ్మపండు రంగు వస్తుంది. దాని మీద సబ్బు నీటి చుక్క పడితే అక్కడ ఎర్రమచ్చ పడుతుంది. ఎండలో పెడితే ఈ రంగు త్వరగా వెలిసిపోతుంది.

3. టీ డికాక్షన్: చిక్కటి డికాక్షన్‌లో గంటసేపు ఉంచితే లేత గోధుమ రంగు వస్తుంది. టీలోని టానిన్ల వల్ల ఈ రంగు పడుతుంది.

4. ఎర్ర మందార పూలు: పూరేకుల కషాయంలో ఉంచిన గుడ్డుకు బూడిద కలిసిన ఊదా రంగు వచ్చింది. కషాయం ఎర్రగా ఉన్నా గుడ్డు మాత్రం ఎర్రగా రాలేదు. కారణం పైన చెప్పుకున్నదే.

5. బీట్‌రూట్: రసం చూస్తే ఎంతో ఎర్రగా ఉంటుంది. కానీ ఆ రంగు వేడికి విరిగిపోతుంది. గుడ్డును అందులో ఉడికిస్తే గోధుమ రంగు తేలింది. చల్లని రసంలో ఉంచితే లేత గులాబీ రంగు వచ్చింది.

6. పాలకూర: ఆకులోని పచ్చదనం నీటిలో సరిగా కరగదు కాబట్టి రంగు దాదాపు పడలేదు. ఆకుపచ్చ కావాలంటే ముందు పసుపులో ముంచి, ఆరాక నీలం రంగులో ముంచడం తేలిక మార్గం.

ఆకుల అచ్చు వేయడం అందరికీ నచ్చింది. తడి గుడ్డు మీద కొత్తిమీర ఆకును పరచి, పలుచని పాత గుడ్డతో బిగించి దారంతో కట్టి ఉల్లిపొట్టు నీటిలో ఉడికించాలి. విప్పి చూస్తే ముదురు రంగు మధ్య ఆకు ఆకారం తెల్లగా నిలిచి ఉంటుంది. ఆరిన గుడ్డు మీద ఒక చుక్క నూనె రాస్తే నిగనిగలాడుతుంది.

మన తీరపు ఎరుపు

గ్రీస్‌లో గుడ్లకు ఎరుపునిచ్చే మాడర్ వేరు మన మంజిష్ఠకు దగ్గర చుట్టం. మాడర్ వేరులోని రంగు పదార్థం పేరు అలిజరిన్. ఇదే అలిజరిన్ మన కోరమాండల్ తీరంలోని ఇసుక నేలల్లో పెరిగే చిరివేరులోనూ ఉంది. మచిలీపట్నం నుంచి ఓడలెక్కి యూరప్‌కు వెళ్ళిన కలంకారీ బట్టల ఎరుపు ఈ చిరివేరుదే. బట్ట రంగును పట్టుకోవడానికి కరక్కాయ, పటిక వాడేవారు. గుడ్డుకు వెనిగర్ చేసే సాయమే బట్టకు ఇవి చేస్తాయి.

ఇంకొక పోలిక కూడా ఉంది. ఉక్రెయిన్‌లో పీసంకా అంటే ‘రాసినది’. మన కలంకారీ అంటే కలంతో చేసిన పని. పూర్వం కలంకారీ బట్టకు నీలిమందు రంగు వేసేటప్పుడు, నీలం అంటకూడని చోట మైనం రాసి బట్టను తొట్టిలో ముంచేవారు. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు ప్రాంతాలలో, ఒకచోట గుడ్డు మీద, ఒకచోట బట్ట మీద పనివారు ఒకే ఉపాయం వాడారు.

1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ విద్యార్థి బొగ్గు తారు నుంచి వచ్చే పదార్థంతో మొదటి కృత్రిమ రంగు తయారు చేశాడు. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు గ్రేబ, లీబర్‌మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. అది చౌకగా దొరకడంతో యూరప్‌లో మాడర్ సాగు పడిపోయింది. మన తీరంలో చిరివేరు తవ్వేవారి పని కూడా పోయింది. ఆ వేరును గుర్తుపట్టేవారే నేడు అరుదు.

జాగ్రత్తలు

గుడ్డు తినే వస్తువు. పెంకుకు రంధ్రాలు ఉంటాయి కాబట్టి వేసిన రంగు లోపలికి కూడా దిగవచ్చు. అందుచేత తినదగిన పదార్థాల నుంచి తీసిన రంగే వాడాలి. హోలీ రంగులు, బట్టల రంగులు, ముగ్గు రంగులు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. బట్టల పరిశ్రమలో వాడే రోడమిన్-బి అనే గులాబీ రంగు పీచుమిఠాయిలో ఉన్నట్లు పరీక్షలలో తేలడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం ఆ మిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. తరువాతి నెలలో కర్ణాటక ప్రభుత్వం పీచుమిఠాయిలో, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని ఆదేశించింది. జాతరలో, బడి గేటు దగ్గర మెరిసే రంగు తినుబండారాలు కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలి.

పగిలిన గుడ్డుకు రంగు వేయవద్దు. ఉడికిన గుడ్డును మన ఎండలకు గంటకు మించి బయట ఉంచి తినవద్దు. ఎక్కువసేపు ఉడికిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తే భయపడనక్కర లేదు. అది ఇనుము, గంధకం కలవడం వల్ల ఏర్పడినది, హాని చేయదు. ఒలిచిన పెంకులను నలిపి మొక్కల మొదట్లో వేస్తే మట్టికి కాల్షియం అందుతుంది.

ముగింపు

సైన్సు అంటే గాజు సీసాలు, ఖరీదైన ప్రయోగశాల ఉంటేనే వస్తుందని మనం అనుకుంటాం. ఉల్లిపొట్టులో రంగు ఉందని కనిపెట్టినది ఏ ప్రయోగశాలా కాదు. ఏ వస్తువునూ వృథా చేయలేని ఇళ్ళలో, పొయ్యి దగ్గర నిలబడిన తల్లులు కనిపెట్టారు. పేరు రాసుకోలేదు, పేటెంటు తీసుకోలేదు, కూతుళ్ళకు నేర్పి వెళ్ళారు. అలాంటి విద్య మన అమ్మమ్మలు, నాయనమ్మల దగ్గర కూడా ఉంది. గోరింటాకు ఎలా ఎర్రగా పండుతుందో, ఏ ఆకు, ఏ బెరడు ఎలాంటి మరక వేస్తుందో వారికి తెలుసు. చిరివేరు సంగతి చూశాం. అడిగేవారు లేకపోతే తెలిసిన విద్య కూడా మరుగున పడిపోతుంది.

కనుక మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, మీ ఊరిలో రంగునిచ్చే మొక్కల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకొని రండి. ఏ మతం వారమైనా, ఏ పండుగ చేసుకునేవారమైనా, ఆ పేర్లన్నీ కలిపి వచ్చే ఏడాది సంచికలో అచ్చు వేసుకుందాం. పండుగ రంగు కొనడానికి డబ్బు లేని ఇల్లు ఉండవచ్చు గానీ, ఉల్లిపొట్టు లేని ఇల్లు మాత్రం ఉండదు.